ఎక్స్‌కి ఒకటి పెట్టొద్దు

మా శేషు బాబాయి పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఒంగోల్లో మా వంటింట్లో కూర్చుని నిమ్మకాయ ముక్కల్లో కారం కలుపుతున్నాను. కారం చేత్తోనే ఫోను ఎత్తాను, విన్నాక ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ పూటంతా కళ్ళు మండుతూ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అందులో బాబాయి వాటా ఎంతో, కారం వాటా ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన్ను అడిగితే, "నాలుగు జవాబులివ్వవే, ఏదో చెప్తా" అనేవాడు. జీవితంలో ఏ ప్రశ్నకైనా కింద నాలుగు జవాబులు ఇవ్వకపోవడం దేవుడు చేసిన పెద్ద మోసమని ఆయన నమ్మకం. దేవుణ్ణి నమ్మేవాడు కాదు గానీ, ఈ ఒక్క తప్పు మోపడానికి మాత్రం ఉంచుకున్నాడు.

పెద్దకర్మకు రెండు రోజుల ముందే మా ఊరు వెళ్ళాను. నరసరావుపేట నుంచి లోపలికి వెళ్తే, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప ఉన్న రోడ్డు చివర మా ఊరు. పిన్ని నన్ను చూసి ఏడవలేదు. లోపలికి వెళ్ళి బాబాయి పరీక్ష అట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నీకే ఇమ్మన్నాడమ్మాయ్. దీంతో నాకేం పని, పొయ్యి విసురుకోడానికా?" అంది. నల్లటి అట్ట, పైన తుప్పు పట్టిన క్లిప్పు, అంచులు అరిగిపోయి లోపలి పేడు బయటపడింది. బాబాయి ఎక్కని పరీక్ష హాలు ఈ రెండు జిల్లాల్లో లేదు, ఆయన ఎక్కిన ప్రతి హాలూ ఈ అట్టా ఎక్కింది. దాని మీద నేను కూడా ఒకే ఒక్క పరీక్ష రాశాను. నన్ను మిరప కళ్లం నుంచి బయట పడేసిన పరీక్ష అది.

మా ఇంట్లో ఎండాకాలమంటే మిరపకాయల వాసన. కళ్లం ఊరి బయటే ఉన్నా, కాయల ఘాటు మనుషుల బట్టల్లో, జుట్టులో ఎక్కి ఇంటికి వచ్చేది. నాన్న గుమ్మంలో అడుగు పెడితే చాలు, మేమందరం వరసగా తుమ్మేవాళ్ళం. అమ్మ చేతులు మండకుండా ఉండాలని సాయంత్రం మజ్జిగ తేటలో ముంచుకుని కూర్చునేది, అదే చేతులతో అన్నం కలిపి పెడితే పప్పన్నం కూడా కారంగానే ఉండేది. పదో తరగతి అయిన ఆడపిల్లలకు మా ఊళ్ళో ఒకటే కోర్సు, మిరపకాయలకు తొడిమలు తీయడం. అందులో సెలవులు లేవు, సర్టిఫికెట్టు లేదు, తప్పడమనేదే లేదు. పొద్దున్నే వెళ్ళి తాలుకాయలు ఏరి, మంచికాయల తొడిమలు తీసి, సాయంత్రానికి ముక్కు చీదుకుంటూ రావాలి. మా అక్క అప్పటికే అందులో ఆరితేరిపోయింది.

నాకు పాలిటెక్నిక్ చదవాలని ఉండేది. పాలిటెక్నిక్ అంటే ఏమిటో సరిగ్గా తెలియదు, గుంటూరులో ఉంటుందని మాత్రం తెలుసు. మిరపకాయలు లేనిచోటుకు పోతున్నానని నా ఆశ, తీరా గుంటూరు వెళ్ళాక అక్కడ మిర్చి యార్డు ఉందని గుర్తొచ్చింది అనుకోండి, అది వేరే సంగతి. నాన్నను అడగడానికి రెండు వారాలు ధైర్యం కూడగట్టుకున్నాను. ఆయన చుట్ట తీసి, దాని చివర కొరికి ఊసి, "ప్రవేశ పరీక్ష రాయి. సీటొచ్చిద్దా, పంపిస్తా. రాలేదా, మళ్ళీ ఆ మాట ఎత్తొద్దు. అక్క పక్కన పీట వేసుకుని కూచో" అన్నాడు. మా నాన్న మాట అంటే మాటే. ఆయన మాట తప్పడని ఊరందరికీ గౌరవం, మాకు మాత్రం భయం.

పరీక్షలో లెక్కలే ఎక్కువ. మా లెక్కల మాష్టారు ప్రకాశరావు గారు మంచి మనిషి, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు, మిగతా రోజుల్లో మాకు బీజగణితం వాయించేవారు. ఆయన దృష్టిలో ఎక్స్ అంటే పెద్దింటి కోడలు. దాని ముఖం చూడాలంటే పద్ధతి ప్రకారం వెళ్ళాలి. ముందు 'దత్తాంశం' అని రాయాలి, తరవాత 'సాధన' అని రాసి కింద గీత గీయాలి, అటుపక్కవి ఇటు తేవాలి, గుర్తులు మార్చాలి, చివరికి ఎక్స్ బయటికొస్తే దాని కింద రెండు గీతలు గీసి దణ్ణం పెట్టాలి. మధ్యలో ఒక్క మెట్టు దాటేస్తే జవాబు సరైనదైనా సగం మార్కులు కోసేసేవారు. నేను ఆ మెట్లన్నీ ఎక్కగలిగేదాన్ని, కాని నెమ్మదిగా. ప్రవేశ పరీక్షలో అంత టైము ఉండదని విన్నప్పటి నుంచి నాకు తిండి సయించలేదు.

ఇక శేషు బాబాయి. నాన్నకు ఆఖరి తమ్ముడు, డిగ్రీ పూర్తిచేసిన మొదటివాడు మా ఇంట్లో. బ్యాంకు, రైల్వే, పోస్టాఫీసు, ఎక్సైజు, ఎక్కడ ఖాళీ ఉందని పేపర్లో పడితే అక్కడికి దరఖాస్తు పెట్టేవాడు. ప్రతి పరీక్షా అంగుళం దూరంలో పోయేది. ఎంత దూరంలో పోయిందో వసారాలో నులక మంచం మీద పడుకుని, బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించేవాడు. ఆ వేళ్ళ మధ్య సందు ఏటికేడు తగ్గుతుండేది గానీ మూసుకునేది కాదు. నాన్న వసారాలోంచి నడుస్తూ, "ఒరేయ్, నువ్వు పరీక్షలు రాసేది ఉద్యోగానికా, బస్సుల్లో తిరగడానికా?" అనేవాడు. "రెంటికీ అన్నయ్యా" అనేవాడు బాబాయి, లేచి కూర్చోకుండానే.

తాతయ్య సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో ఆయన చేయకుండా చేసిన పని చాలా ఉంది. మా ఇంట్లో గింజలు కొలిచే హక్కు తాతయ్యది. కూలీలకు జొన్నలు కొలిచినా, విత్తనాలు కొలిచినా, పిల్లికి పాలు పోసినా ఆయనే. మొదటి కుంచం పోసేటప్పుడు 'ఒకటి' అనేవాడు కాదు, గట్టిగా 'లాభం' అనేవాడు. తరవాతే రెండు, మూడు. మా ప్రాంతంలో పాతకాలం రైతులందరూ అలాగే కొలిచేవారు. కాని మా తాతయ్యకు అది ముదిరింది. బిందెలు లెక్కపెట్టినా లాభం, గేదెలు లెక్కపెట్టినా లాభం, పెళ్ళిళ్ళలో బంతి లేచినా లాభం. ఆయన వల్ల మా ఇంట్లో పిల్లలందరికీ ఒకటి అనే అంకె అంకెలా ఉండేది కాదు, గుళ్ళో కొట్టిన కొబ్బరికాయలా ఉండేది. ఏ పనైనా దాంతోనే మొదలవ్వాలి. గుడికి వెళ్ళని బాబాయి, ఏకాదశినాడు కోడిగుడ్డు తినే బాబాయి, తాతయ్య ఆచారాలన్నిటినీ ఆయన ముందే వెక్కిరించే బాబాయి, ఈ ఒక్క దాన్నుంచి తప్పించుకోలేదని మా ఎవరికీ తెలియదు. ఆయనకే తెలియదు.

నా ముఖం చూసి ఒక రోజు బాబాయి నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. "ఏందే పద్మా, ఎక్స్ కరిచిందా?" అన్నాడు. టైము చాలదని చెప్పాను. మెట్లన్నీ రాస్తుంటే సగం ప్రశ్నలు మిగిలిపోతాయని చెప్పాను. బాబాయి లేచి కూర్చున్నాడు. ఆయన లేచి కూర్చోవడం మా ఇంట్లో అరుదైన సంఘటన.

"పిచ్చిదానా, అక్కడ నీ మెట్లు ఎవడు చూస్తాడే? జవాబులు నాలుగూ వాళ్ళే ఇస్తారు. అందులో ఒకటి సరైంది. దొంగ నలుగురిలోనే ఉన్నాడని తెలిసినాక ఊరంతా వెతుకుతావా?"

"మరి?"

"ఎక్స్ అంటే ఏమని చెప్పాడు మీ మాష్టారు? ఏ అంకైనా కావచ్చన్నాడా? అన్నాడు గదా! మరి మనకి నచ్చిన అంకె పెట్టుకుంటే వాడి సొమ్మేం పోయిద్ది? ఎక్స్‌కి లాభం పెట్టు."

అని అట్ట తీసి ఒక ప్రశ్న రాశాడు. వరసగా వచ్చే మూడు సంఖ్యల్లో మొదటిది ఎక్స్ అయితే మూడింటి మొత్తం ఎంత? కింద నాలుగు జవాబులు: 3x, 3x+1, 3x+3, x+6. నేను 'దత్తాంశం' అని మొదలుపెట్టబోతే బాబాయి పెన్సిలు లాక్కున్నాడు. "ఎక్స్ లాభం అనుకో. వరసగా మూడంటే లాభం, రెండు, మూడు. మొత్తం ఆరు. ఇప్పుడు ఆ నాలుగింట్లో ఎక్స్ తీసి లాభం పెట్టి చూడు. ఏది ఆరొచ్చిద్దో అదే దొంగ." పెట్టి చూశాను. మొదటిది మూడు, రెండోది నాలుగు, మూడోది ఆరు, నాలుగోది ఏడు. దొంగ దొరికాడు. పక్కింటి రేడియోలో వార్తల ముందు వచ్చే సంగీతం అయ్యేలోపే లెక్క అయిపోయింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే బాబాయి మళ్ళీ పడుకున్నాడు, తన పని అయిపోయినట్టు.

ఆ రోజు నుంచి నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఏ ప్రశ్న కనిపించినా లాభం పెట్టేదాన్ని. వై కూడా ఉంటే దానికీ లాభమే. ఎక్స్ మీద నాకున్న భయం పోయింది. అన్నాళ్ళు ముసుగేసుకుని కూర్చున్న పెద్దింటి కోడలు తీరా చూస్తే మా వీధి పిల్లే అనిపించింది. బడిలో ఒక లెక్క అలాగే చేసి, జవాబు గట్టిగా చెప్పేశాను. ప్రకాశరావు మాష్టారు సుద్ద ముక్క కింద పెట్టి, ఎలా వచ్చిందని అడిగారు. చెప్పాను. ఎవరు నేర్పారని అడిగారు. అదీ చెప్పాను.

ఆ సాయంత్రమే ఆయన సైకిలు మా వసారా ముందు ఆగింది. బాబాయి కూడా ఆయన దగ్గర చదువుకున్నవాడే, అందుకని మంచం మీద లేచి కూర్చున్నాడు గానీ దిగలేదు.

"ఒరేయ్ శేషూ, ఏం నేర్పుతున్నావురా పిల్లకి?" అన్నారు మాష్టారు.

"దారి మాష్టారూ."

"దారి కాదది, గోడ దూకడం. ఒక్క అంకెకి నిజమైతే అన్ని అంకెలకీ నిజమవుద్దా? రేపు ఎక్కడో ఒకచోట కూలుద్ది చూడు."

"నాలుగే గదండీ ఉన్నయ్యి. ముగ్గురు కాదని తేలితే నాలుగోవాడు ఎందుకు నిజమో మనకెందుకు?"

"ఎందుకో తెలియకుండా ఎట్టారా బతికేది?" అని మాష్టారు సైకిలెక్కారు. ఎక్కేముందు నా వైపు తిరిగి, "అమ్మా పద్మా, కారణం తెలిసిన జవాబే నీది. తెలియనిది పక్కవాడిది" అన్నారు. ఆయన వెళ్ళాక బాబాయి, "పెద్దాయనకి బస్సు వద్దు, నడిచే పోతాడంట. మనకి టైము లేదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ రాత్రి లాభం పెట్టి పాతిక లెక్కలు చేశాను. మాష్టారు చెప్పినదాంట్లో నిజముందేమోనన్న అనుమానం కూడా రాలేదు నాకు.

పరీక్ష గుంటూరులో. బాబాయే తీసుకెళ్ళాడు. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చే సున్నం లారీ ఒకటి మా బస్సు ముందు వెళ్తూ, కిటికీ పక్క కూర్చున్న నన్ను తెల్లగా చేసేసింది. బాబాయి తన తువ్వాలుతో నా ముఖం తుడిచి, "బాగుందే, పౌడరు ఖర్చు తప్పింది" అన్నాడు. హాలు గుమ్మం దగ్గర తన అట్ట నా చేతిలో పెట్టాడు. "ఇది చాలా పరీక్షలు చూసింది. నీకు తెలియకపోతే దీన్నడుగు" అన్నాడు. ఆయన అప్పటికి ఒక రైల్వే పరీక్ష రాసి ఫలితం చూసుకుని ఉన్నాడు. అదీ పోయింది. వయసు దాటిపోవడంతో ఇక ఏ దరఖాస్తుకూ పనికిరాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆయన ముందు అనలేదు. నాన్న కూడా అనలేదు.

హాల్లో మొదటి పది లెక్కలు లాభంతో గడగడా అయిపోయాయి. పక్కబల్ల అమ్మాయి ఇంకా మొదటి లెక్కకు గీతలు గీస్తూ ఉంది. నాకు ఆ అమ్మాయి మీద జాలి కలిగింది. తరవాత ఒక ప్రశ్న వచ్చింది. ఎక్స్ మంది కూలీలు వై రోజుల్లో కోసే చేనును, జడ్ మంది ఎన్ని రోజుల్లో కోస్తారు? కింద జవాబులు: xy/z, yz/x, zx/y, xyz. పరమ సులువు. ఎక్స్‌కి లాభం, వైకి లాభం, జడ్‌కి లాభం. మొదటి జవాబు ఒకటి. బాగుంది. అలవాటు కొద్దీ రెండోది చూశాను, ఒకటి. మూడోది, ఒకటి. నాలుగోది, అదీ ఒకటే. నలుగురు దొంగలూ ఒకే చొక్కా వేసుకుని నిలబడి నన్ను చూసి నవ్వుతున్నారు.

లెక్క తప్పు చేశానేమోనని మళ్ళీ పెట్టాను. మళ్ళీ నాలుగూ ఒకటే. కిందున్న లెక్కలు చూస్తే వాటిలో కూడా ఎక్స్ స్క్వేర్‌లు, క్యూబులు ఉన్నాయి. వాటికి లాభం పెడితే స్క్వేరూ ఒకటే, క్యూబూ ఒకటే. మాష్టారు చెప్పినట్టు కూలింది. ఆయన పద్ధతిలో చేద్దామంటే 'దత్తాంశం' అన్నది తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు, ఆ నెలంతా లాభాలు పెట్టి పెట్టి మెట్లన్నీ మర్చిపోయాను. అక్క పక్కన ఖాళీ పీట కనిపించింది. ఘాటు కూడా వచ్చినట్టనిపించి, నిజంగానే తుమ్మాను. ఇన్విజిలేటరు నా వైపు చూశాడు.

ప్రశ్న మళ్ళీ చదివాను, ఈసారి అక్షరాలు వదిలేసి మాటలు చదివాను. ఒక మనిషి ఒక రోజులో కోసే చేనును ఒక మనిషి ఎన్ని రోజుల్లో కోస్తాడు? ఇది ప్రశ్నా? అసలు ఒక్క మనిషితో మిరప కోత ఎక్కడ చూశాను? మా కాలువ పక్క మిరప చేను చెక్క కోయడానికి అమ్మ, కూలికొచ్చే మరియమ్మ, ఆమె కోడళ్ళిద్దరు, మొత్తం నలుగురు దిగేవాళ్ళు. ఆరు రోజుల్లో అయిపోయేది. ఆ సంవత్సరం మరియమ్మ చిన్నకోడలు పురిటికని పుట్టింటికి వెళ్తే ముగ్గురే దిగారు, కోత ఎనిమిది రోజులు సాగింది. కాయ ఎండిపోతోందని నాన్న ఆ చివరి రెండు రోజులు ఊరందరి మీదా అరిచాడు. ఆ అరుపులు నాకు బాగా గుర్తున్నాయి. నలుగురు, ఆరు రోజులు, ముగ్గురు. పెట్టాను. మొదటి జవాబు ఎనిమిది వచ్చింది. రెండోది నాలుగున్నర, మూడోది రెండు, నాలుగోది డెబ్భై రెండు. నాన్న అరిచినన్ని రోజులు మొదటి జవాబులోనే ఉన్నాయి. అక్కడి నుంచి ఎక్కడా ఒకటి పెట్టలేదు. ఎక్స్‌కి ఒక అంకె, వైకి దానితో సంబంధం లేని ఇంకో అంకె పెట్టుకుంటూ పోయాను. అయిపోయాక వెనక్కి వెళ్ళి, గడగడా చేసిన ఆ పది కూడా మళ్ళీ చూశాను. రెండు తప్పు. టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, మూతి దగ్గర ఎప్పుడూ మంచికాయే ఉంటుంది, తెలిసిన వ్యాపారి చెయ్యి లోపలికి పెట్టి నడిమధ్య కాయ తీసి చూస్తాడు. మిరపకాయల ఇంట్లో పుట్టి కూడా నాకు ఆ సంగతి ఆ హాల్లో తట్టింది.

బయటికి రాగానే బాబాయి బస్టాండు దగ్గర గోలీసోడా ఇప్పించాడు. "లెక్కలెట్టా ఉన్నయ్యే?" అన్నాడు. కోత లెక్క చెప్పాను.

"సులువే గదే. లాభం, లాభం, లాభం పెట్టావా?"

"పెడితే నాలుగు జవాబులూ ఒకటే వచ్చినయ్యి బాబాయ్."

బాబాయి తన సోడా సీసా బండి మీద పెట్టాడు. అట్ట వెనకవైపు వేలితో రాసుకున్నాడు, సున్నం దుమ్ములో అక్షరాలు పడ్డాయి. పెదాలు కదులుతున్నాయి. నాలుగోది కూడా అయ్యాక తలెత్తాడు.

"బాబాయ్, నీకు పరీక్షల్లో ఎప్పుడూ ఇట్టా రాలేదా?"

"వచ్చేది."

"వస్తే ఏం చేసేవాడివి?"

"మొదటిదానికి పెట్టేవాణ్ణి" అన్నాడు. "పైనుంటది గదా. మొదలని."

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, కండక్టర్లు వినుకొండ, మాచర్ల అని అరుస్తున్నారు. సోడాలో గాలి పోయింది. నాకు భయం వేసింది, ఆ మాట అడగకుండా ఉండాల్సిందని. అప్పుడాయన మెల్లగా తన బొటనవేలూ చూపుడువేలూ ఎత్తి, వాటి మధ్య సందులోంచి నన్ను చూశాడు. "ఓర్నీ" అన్నాడు, "ఈ సందులో ఇన్నేళ్ళూ కూచున్నది మా నాయన కుంచమన్నమాట!" అని నవ్వడం మొదలుపెట్టాడు. సోడాబండి అతను తిరిగి చూసేంత నవ్వు. ఆ నవ్వు మధ్యలో కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. నిజానికి ఆయన ఉద్యోగాలన్నీ ఆ ఒక్క అంకెలోనే పోయాయని నేను అనను. ఇంగ్లీషు పరీక్షకు ముందు మ్యాట్నీకి వెళ్ళిన మనిషి ఆయన. కాని ఆ అంగుళం అందులో ఉండి ఉంటుంది. అది తెలిసేసరికి రాయడానికి ఆయనకు పరీక్షలు మిగల్లేదు.

నాకు సీటు వచ్చింది. నాన్న ఫలితం విని చుట్ట వెలిగించి, "ట్రంకుపెట్టె ఎక్కడుంది?" అని మాత్రం అన్నాడు. మాష్టారికి స్వీటు ఇవ్వడానికి వెళ్తే ఆయన తినకుండా పక్కన పెట్టి, "ఆ కోత లెక్కలో ఎనిమిది ఎందుకొచ్చిందో చెప్పు" అన్నారు. నలుగురు ఆరు రోజులంటే ఇరవై నాలుగు మనిషిరోజుల పని, దాన్ని ముగ్గురికి పంచితే ఎనిమిది, అందుకే ఎక్స్ వై బై జడ్, అని చెప్పాను. "ఇప్పుడది నీ జవాబు" అని స్వీటు నోట్లో వేసుకున్నారు.

ఆ దసరా తరవాత బాబాయి బడి వరండాలో ట్యూషను మొదలుపెట్టాడు. వరండా ఇప్పించింది ప్రకాశరావు మాష్టారే. "వాడు జవాబు చెప్తాడు, నేను కారణం చెప్తా, పిల్లలు ఏదో ఒకటి నేర్చుకుంటారు" అన్నారట. బాబాయి మొదటి రోజే బోర్డు మీద రాశాడు: ఎక్స్‌కి ఒకటి పెట్టొద్దు. సున్నా పెట్టొద్దు. రెండు మీద అనుమానం ఉంచుకోండి, కూడినా గుణించినా నాలుగే. మూడు నుంచి మొదలుపెట్టండి. తరవాత ఎన్నేళ్ళు ట్యూషను చెప్పినా బోర్డు మీద ఆ మూల చెరపలేదు. ఆ వరండాలోంచి బ్యాంకుకు వెళ్ళినవాళ్ళున్నారు, రైల్వేకు వెళ్ళినవాళ్ళున్నారు. ఆయనకు రాని ప్రతి ఉద్యోగం ఎవరో ఒకరికి ఇప్పించాడు.

నేను సాగర్ కాలువల మీద ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం మొత్తంలో ఎవరూ నా ముందు నాలుగు జవాబులు పెట్టలేదు. గండి పడితే గండే, దాని కింద ఏ, బి, సి, డి ఉండవు. అప్పుడు మాష్టారి మెట్లే అక్కరకొచ్చాయి. మొన్న మా చెల్లెలి కూతుర్ని చేర్పించడానికి గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగు సెంటరుకు వెళ్ళాను. ఏసీ హాలు, గోడంత తెర, మెడలో మైకు తగిలించుకున్న కుర్రాడు. "ఇది మా సొంత టెక్నిక్, స్టూడెంట్స్! ఎక్స్ ప్లేసులో సింపుల్ నంబర్ పెట్టేయండి, కానీ వన్ మాత్రం పెట్టొద్దు" అంటున్నాడు. లేచి, అది మా బాబాయి ఒక జీవితం పోసి కనిపెట్టిన సంగతిరా అని అరవాలనిపించింది. ఫీజు కట్టి వచ్చేశాను. అక్కడ అన్నీ ఉన్నాయి. కారణం అడగడానికి సైకిలు మీద వచ్చే ముసలాయన మాత్రం లేడు, నాకు ఆ పిల్లల గురించి బెంగగానే ఉంది.

పెద్దకర్మనాడు ఇల్లు, వాకిలి, వీధి నిండిపోయాయి. అందరూ బాబాయి శిష్యులే. బట్టతలలు, బొజ్జలు, కొందరు యూనిఫారాల్లోనే వచ్చారు. పెరట్లో వంటకి బియ్యం కొలుస్తున్నారు. తాతయ్య కుంచమే. బాబాయి కొడుకు రమేషు మొదటి కుంచం పోస్తూ, ఇంట్లో అలవాటు కొద్దీ "లాభం" అన్నాడు. వెనక నుంచి రైల్వే గార్డు ఒకడు, "ఒరేయ్ రమేషూ, ఒకటి పెట్టొద్దని శేషు మాష్టారు మొత్తుకోలేదా ఏందిరా!" అన్నాడు. పెరడు పెరడంతా నవ్వింది. "రెండు మీద అనుమానం!" అని ఇంకెవరో అరిచారు. "మూడు నుంచి!" అన్నారు అందరూ. రమేషు కూడా నవ్వుతూ, పోసిన కుంచం వెనక్కి తిప్పి, మళ్ళీ పోస్తూ "మూడు" అని మొదలుపెట్టాడు. వంటవాళ్ళు చెప్పిన అంకె రాగానే ఆపాడు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

మూడో బంతికి అన్నం అయిపోయింది. రెండు కుంచాలు తక్కువ. ఎసరు మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. అప్పటిదాకా గదిలోంచి కదలని పిన్ని పెరట్లోకి వచ్చి, రమేషు చేతిలోంచి కుంచం తీసుకుంది. "మీ మాష్టారిదంతా పరీక్ష హాలు వరకేరా. మనుషులకి పెట్టేటప్పుడు మొదటినుంచే కొలవాలి" అని బియ్యంలో కుంచం ముంచి, నిండుగా పైకెత్తి, గొంతు పగిలేలా "లాభం" అంది. ఎవరూ నవ్వలేదు. నేను గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఈసారి నా చేతులకు కారం లేదు.